సీమగుడ్డలపై మన పూవులు



గత వేసవిలో ఖాజాగూడలో మా మేనకోడలు క్రొత్తగా గొన్న యింటికి పోయియుంటిని. ఇల్లనగా నేలమీది యిల్లు కాదు, 16వ అంతస్తు. ఒక ప్రక్క పెద్దచెఱువు, ఒక ప్రక్క గుట్టలు, నడుమ అద్దాల మేడలు. పడమటి కిటికీకి వ్రేలాడగట్టిన తెర నా కంటబడినది. ముదురునీలపు నేలపై మెలికలు తిరిగిన తీగలు, ఎఱ్ఱని పండ్లు, వాటిని ముక్కున గఱచుకొని యెదురెదురుగా గూర్చున్న పిట్టలు, ఎడములేకుండ పూవులు. చాల సొంపుగా నున్నది. ఎక్కడిదని యడిగితిని. "అంగడాయన ఇంగ్లండు పూలని చెప్పిండు మామయ్యా, అందుకే ధర ఎక్కువ" అన్నది.

అంగడివాడు అబద్ధమాడలేదు. సగము నిజము చెప్పినాడు. మిగిలిన సగమును మీకు చెప్పుటకై నేడీ ప్రసంగమునకు గూర్చుంటిని.

ఆ యింటినుండి ఆగ్నేయముగా నడచినచో కొలదిమైళ్ల దూరముననే గోలకొండ కోట యున్నది. గోలకొండ యనగానే మనకు వజ్రములు జ్ఞప్తికి వచ్చును. కాని వజ్రములను గొన్నవారు రాజులును షరాబులును మాత్రమే. గోలకొండ రాజ్యమునుండి ఓడనెక్కిన రంగుబట్టలనో, ఐరోపాలో దొరసానులే గాక వారి పనికత్తెలు సైతము కట్టిరి. సముద్రముల కావలి యిండ్లలోనికి మన దేశపు పనితనమును ఎక్కువగా గొనిపోయినది వజ్రము కాదనియు, బట్టయే యనియు నా యభిప్రాయము.

గోలకొండ సుల్తానులకు ముఖ్యమైన రేవు మచిలీపట్టణము. అచ్చట వలందావారు, అనగా డచ్చివారు, 1605లో కొఠీ పెట్టిరి. 1611లో గ్లోబు అను నోడలో ఇంగ్లీషువారు వచ్చిరి. 1669లో పరాసువారును వచ్చిరి. నేటికిని బందరులో వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యను పేట లున్నవి. ఈ వచ్చినవారిలో డచ్చివారును ఇంగ్లీషువారును మొదట తమ దేశమునకు బట్టలు గొనిపోవుటకై రాలేదు. వారికి గావలసినవి లవంగములు, జాజికాయలు, మిరియములు. అవి తూర్పు దీవులలో దొరకును. ఆ దీవులవారు వెండికంటె మన చీటిబట్టలనే యిష్టపడి పుచ్చుకొనెడివారు. కావున వీరు బందరులో బట్టలు గొని, దీవులలో సుగంధద్రవ్యములకు మార్చుకొని, పిదప సీమకు మరలెడివారు. అట్లు పోవు నోడలలో వింతవస్తువులుగా కొన్ని బట్టలు లండనునకును ఆంస్టర్డామునకును చేరినవి. కథ అచ్చట మొదలైనది.

ఐరోపావారికి పూలబట్టలు తెలియనివి కావు. పట్టుపై నేతతో పూవులు దింపుదురు. నారబట్టపై సూదితో కుట్టుదురు. అవి ధనవంతుల వస్తువులు. తేలికయైన నూలుబట్టపై రంగుతో పూవు వ్రాసి, దానిని చాకలికి వేసినను చెడకుండ నిలుపు విద్య మాత్రము వారికి లేదు. వారు పూసిన రంగులు నీటదడిసిన కాఱిపోయెడివి. ఉన్నికిని పట్టునకును రంగు సులువుగా పట్టును, నూలునకు పట్టదు. దానికి పట్టించు ఉపాయము మనవారికి తెలియును. ఈ యుపాయమును కొంచెము విపులముగా చెప్పెదను; ఏలయన, దీనిలోని వస్తువులన్నియు మీకు దెలిసినవే.

నేసిన బట్టను పేడనీట నానవేసి, ఏటియొడ్డున పఱచి, తడుపుచు నెండించుచు తెల్లబఱతురు. తరువాత కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి యాఱవేతురు. పాలెందులకన, వానిలోని క్రొవ్వు బట్టకు పట్టుటచే కలముతో గీసిన గీత ప్రక్కలకు ప్రాకక నిలుచును. పిమ్మట కాగితముపై గీసిన నమూనా గీతల వెంబడి సూదితో బెజ్జములు పొడిచి, ఆ కాగితమును బట్టపై పఱచి, బొగ్గుపొడి మూటతో తట్టుదురు. బట్టపై చుక్కలు దిగును. ఆ చుక్కలను బట్టి, వెదురుపుల్లకు ఉన్నియో గుడ్డయో చుట్టిన కలముతో గీతలు గీయుదురు. నల్లగీతలకు తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టిన కారమును వాడుదురు. దానిని కసిమి యందురు. కరక్కాయ వగరుతో ఇనుము కలియగానే నల్లనగును. పూర్వము మన కరణములు కరక్కాయతో సిరా కాచుకొనిన విధమును ఎఱిగినవారికి దీనిలో వింత యేమియు లేదు.

ఎఱుపు సంగతి ఇంతకంటె చిత్రమైనది. ఎఱ్ఱగా గావలసినచోట ఎఱ్ఱరంగు పూయరు, పటికనీటిని పూయుదురు. పటికనీటికి తనదైన రంగు లేదు. అట్లు పూసిన బట్టను చిరివేరుతో కాచిన నీటిలో నుడికింతురు. చిరివేరు సముద్రపుటొడ్డున ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క యొక్క వేరు; గుల్లలు నలిగి కలిసిన కృష్ణాతీరపు ఇసుకలో పెరిగిన వేరు మేలైనదని పేరొందినది. పటిక యున్నచోట ఎఱుపు విడువక పట్టుకొనును. లేనిచోట పట్టిన కొంచెపు మరకయు పేడనీటితోను ఎండతోను పోవును. పటిక పలుచనైనచోట గులాబి, చిక్కనైనచోట రక్తవర్ణము, ఇనుపకారము కలిసినచోట ఊదా. ఒక్క కాగులో ఇన్ని రంగులు! వ్రాసినప్పుడు కంటికి సరిగా నానని పూవు ఉడికినప్పుడు విచ్చుకొనును.

నీలము కొఱకు మఱియొక పాటు పడవలెను. నీలము వలదన్న చోటులన్నియు కరగిన మైనముతో కప్పి, బట్టను నీలిమందు కుండలో ముంచి, పిదప వేడినీట మైనమును కరగించి తీసివేయవలెను. ఆకుపచ్చకు ప్రత్యేకమైన రంగు లేదు; నీలముపై పసుపురంగు పూసిన ఆకుపచ్చ యగును. ఆ పసుపురంగు ఎండకు నిలువదు. అందుచేతనే విదేశపు ప్రదర్శనశాలలలోని పాత బట్టలపై ఆకులన్నియు నేడు నీలముగా గనబడును. వ్రాసినవానికి ఆకుల రంగు తెలియదని తలపరాదు.

ఇంత పనికి ఎన్ని దినములు పట్టునో ఊహింపుడు. డచ్చి కొఠీలలో పనిచేసిన హావార్టు అను నతడు 1693లో అచ్చువేసిన గ్రంథమున మన చిత్తరువుపనివారిని గూర్చి వ్రాసియున్నాడు. వారి నెమ్మదిని నత్తనడకతో బోల్చి, ఓర్పును బొమ్మగా గీయదలచినవానికి పాలకొల్లు పనివాడొక్కడే మాదిరిగా చాలునను భావము వెలిబుచ్చినాడు. అది మెప్పో యెత్తిపొడుపో చదివినవాడు తేల్చుకొనవలసినదే. సరకు కొఱకు ఓడను నిలిపికొన్న వర్తకునికి ఓర్పు అంత ప్రియమైన గుణము కాదుగదా.

ఇక పూవుల సంగతికి వత్తము. మనవారు తమ యిష్టముననుసరించి వ్రాసిన బట్టలలో నేల తఱచుగా ముదురెఱుపు. 1643లో లండనులోని కంపెనీ యధికారులు సూరతులోని తమ కొఠీకి ఒక యుత్తరము వ్రాసిరి. మీరు పంపు దుప్పట్లలో నెఱ్ఱనేల యెక్కువ, అది అందఱకును రుచింపదు, ఇకమీదట తెల్లనేల యెక్కువగా నుంచి నడుమ కొమ్మలును పూవులును రంగులతో వ్రాయింపుడని దాని తాత్పర్యము. ఈ చిన్న యుత్తరువువంటివి అనేకములు వచ్చినవి. తరువాత నమూనా కాగితములే యోడలమీద రాజొచ్చినవి. తెలుగుదేశపు కలము గోలకొండ కొలువునకు బారసీకపు తీగెలు గీయనేర్చినట్లే, కంపెనీ దొరలకు సీమపూవులు గీయనేర్చినది. కలంకారి యను మాటయే పారసీకము. దానికి ముందే యుండిన పనికి వచ్చిన క్రొత్తపేరది.

ఆలోచింపుడు. ఎన్నడును చూడని పూవును కాగితముపై జూచి వ్రాయవలెను. తులిప్పు పూయుచోటు ఎక్కడ, కృష్ణాతీర మెక్కడ? పనివాడు దాని గీతను పట్టుకొనెను గాని రేకుల లోపల ఖాళీ యుంచుటకు మనసొప్పక, తనకు తెలిసిన చుక్కలను, గళ్లను, చిన్న పూవులను నింపెను. పూవులో పూవు మొలిచెను. ఒకే మ్రానిపై తామరవంటి దొకటి, దానిమ్మవంటి దొకటి, గులాబి యొకటి, చీనాదేశపు పూవొకటి. లోకమున నెచ్చటను లేని చెట్టు సిద్ధమైనది. దానిని ఐరోపావారు జీవవృక్షమనిరి. మంచముపై పఱచు అట్టి పెద్దబట్టకు మన పలంగుపోషు అను మాటనే పాలంపూరుగా తిప్పికొనిరి. సీమలో నాఱితేఱినవారు ఈ చెట్టును జూచి యిది యచ్చమైన హిందూదేశపు పూవని మెచ్చుకొనిరి. మనవారు గీయుచు నిది సీమవారి పూవనుకొనియుందురు.

ఈ చెట్టు తఱచుగా ఒక రాళ్లకుప్పనుండి మొలుచును. ఆ బొమ్మను మొదట చూచినప్పుడు, ఇవి మన ఖాజాగూడ గుట్టలేయని నేను సంతోషించితిని. ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్రాళ్లు అట్లే యుండును. తరువాత తెలిసినది, ఆ రాళ్లును చీనా చిత్రములనుండి పారసీకము మీదుగా వచ్చిన వాడుకయేనని. నా సంతోష మంతటితో సరి. కాని పారసీకపు పూలతీగె మన నేలపై నెట్లు ప్రాకినదో చూడగోరువారు, దగ్గఱనే యున్న కుతుబ్షాహీ సమాధులకు బోయి, గోడలపై గచ్చుతో తీర్చిన పూలపనిని చూడవచ్చును.

సీమలో ఈ బట్టల కెంత గిరాకి కలిగెననగా, 1664లో ఇంగ్లీషు కంపెనీ హిందూదేశమునుండి దిగుమతి చేసికొన్న నూలుబట్టలు 2,50,000 తానులకు పైబడినవి. 1684 నాటికి అవి 15,00,000 దాటినవి. 1663లో లండనులో పెపిసు అను నుద్యోగి తన భార్య చదువుకొను గది గోడలకు కప్పుటకై చీటిబట్ట గొన్నట్లు దినచర్యలో వ్రాసికొన్నాడు. ఇంగ్లీషువారు చింట్జు అనునది మన చీటి, ఉత్తరాదివారి ఛీంటు. పరాసువారు వీనిని ఇండియెన్ను లనిరి. హాలెండులో హిండెలోపెను అను రేవుపట్టణపు స్త్రీల సంప్రదాయపు దుస్తులలో ఈ బట్ట చేరిపోయినది. అట్టివాని నిప్పటికిని అచ్చటి ప్రదర్శనశాలలో చూడవచ్చును.

ఒకరికి గిరాకి యైనది మఱియొకరికి కఱవైనది. అచ్చటి ఉన్నినేతగాండ్రును, పట్టునేతగాండ్రును పనులు లేక పస్తులుండిరి. ఫ్రాన్సులో 1686లో రంగుబట్టలను నిషేధించిరి. ఆ నిషేధము 1759 వఱకు నిలిచినది. ఇంగ్లండులో 1700లో చట్టము చేసి దిగుమతియైన చీటిబట్టను దేశములో వాడరాదనిరి. అదియు చాలక 1721లో అద్దిన నూలుబట్టను కట్టుటయే నేరమనిరి. ఈ రెండవ చట్టమునకు ముందు 1719లో లండను వీథులలో నేతగాండ్రు గుంపులుగూడి, చీటిబట్ట కట్టిన స్త్రీల వెంటబడి, వారి మేనిపై వస్త్రములను చింపిరి, సిరా చల్లిరి. ఆడువారిపై చేయి చేసికొనుట తప్పే. కాని ఆ నేతగాండ్రను నోరార తిట్టుటకు నాకు మనసొప్పదు. తరువాతి నూఱేండ్లలో మన నేతగాండ్రకు ఆ గతియే పట్టినప్పుడు వీరికి ఫిర్యాదు చేసికొనుటకు పార్లమెంటు లేదు, నిషేధించుటకు చట్టము లేదు.

నిషేధముండగా కోరిక చావదు. సీమలో రహస్యముగా అమ్మిరి, రహస్యముగా కట్టిరి. మఱికొందఱు ఆ విద్యను తామే నేర్చికొన జూచిరి. 1676లోనే షెర్విను అను నతడు లండనులో అద్దకమునకు రాజుగారి పట్టా పొందెను గాని, మనవారి రంగుల నిలుకడ అంత సులువుగా చిక్కలేదు. చిక్కించుకొన్న విధము వినదగినది.

కేర్డూ అను ఫ్రెంచి పాదిరి మన దేశమున చిరకాలముండెను. తెలుగు బాగుగా నేర్చెను. సంస్కృతమునకును లాటిను గ్రీకుభాషలకును గల పోలికను ముందుగా గుర్తించినవారిలో నొకడు. ఇట్టి పండితుడు 1742 జనవరిలో తన దేశమునకు ఒక దీర్ఘమైన యుత్తరము వ్రాసెను. తనవద్ద క్రైస్తవమతము పుచ్చుకొన్న అద్దకపువారిని ప్రశ్నించి, పాలు మొదలు మైనము వఱకు, ఏది ముందు ఏది వెనుక, ఎంత యెండ, ఎంత యుడుకు, అన్నియు వరుసగా వ్రాసెను. అది పారిసులో అచ్చుపడెను. చెప్పినవారి పేర్లు మాత్రము అందులో లేవు.

దీనిని దొంగతన మనవచ్చునా? నేను చాల తడవులు ఆలోచించితిని. పాదిరి గోడదూకి రాలేదు; అడిగెను, వీరు చెప్పిరి. తండ్రి కొడుకునకు దక్క చెప్పని కులవిద్యను గురువని నమ్మినవానికి చెప్పిరి. ఆ మాటలు అచ్చుయంత్రమున బడి, లోకమునకంతకు దెలియునని వారు కలలోనైన దలచియుండరు. వ్రాసినవాడు తన దేశమునకు మేలు చేయుచున్నాననియే తలచెను. మఱి మన పండితులలో నొక్కడైన ఆ దినములలో అద్దకపువాని ప్రక్క గూర్చుండి యింత శ్రద్ధగా అడిగి వ్రాసియుండిన ఎంత బాగుండెడిది! ఆ యుత్తరము లేనిచో పూర్వపు కలంకారి విధానమును గూర్చి నేడు మనకును తక్కువయే తెలిసియుండును. దోచుకొన్నదియు ఆ కాగితమే, దాచియుంచినదియు ఆ కాగితమే.

తరువాతి కథ వేగముగా నడచినది. 1752లో నిక్సను ఐర్లండులో రాగిరేకులతో బట్టపై అచ్చువేయు పద్ధతిని వాడుకలోనికి దెచ్చెను. ఫ్రాన్సులో నిషేధము తొలగగానే, 1760లో ఓబెర్కాంపు అను నతడు వెర్సాయి దగ్గఱ జూయి గ్రామమున కార్ఖానా పెట్టి, హిందూదేశపు పూవులను అచ్చులతో దింపి ప్రఖ్యాతి గాంచెను. 1783లో బెల్లు అను స్కాట్లండువాడు తిరుగుడు గుండులపై పూవులు చెక్కి బట్టను వాని నడుమనుండి లాగు యంత్రమునకు పట్టా పొందెను. పాలకొల్లు పనివాడు నెలల తరబడి వ్రాయు పూవు గడియలో గజముల కొలది దిగజొచ్చినది. 1774లో ఇంగ్లండువారు తమ దేశములో నేసిన అద్దకపు నూలుబట్టలపై నిషేధమును తీసివేసిరి. ఇక మన బట్టకు భయపడవలసిన పని వారికి లేకపోయినది. పిదప ఆ పూవులే మిల్లుగుడ్డలపై మన సంతలకు వచ్చినవి. పూవు చౌకయైన కొలది మాటయు చౌకయైనది. జార్జి ఎలియటు అను రచయిత్రి 1851లో వ్రాసిన జాబులో చింట్జువంటిది అను మాటను నాసియను నర్థమున వాడినది.

బందరునకు దెబ్బమీద దెబ్బ తగిలినది. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చి ఆ ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబెర్మను అనువారు చిరివేరులోని ఎఱుపును, సీమ మంజిష్ఠలోని ఎఱుపును తారుమూలమున తయారుచేయు నుపాయము గనిపెట్టిరి. చిరివేరు త్రవ్వువారికి పని పోయినది. 1897లో నీలిమందునకు ఆ గతియే పట్టినది.

మా మేనకోడలి తెరపై పిట్టల సంగతి మఱచితినని తలచుచున్నారేమో. ఆ పూలపని విలియం మారిసు అను నింగ్లీషువాడు 1883లో కల్పించినది. తన తోటలో పండ్లు దొంగిలించు పిట్టలను జూచి గీసినాడు. యంత్రపు పూవులపై విసుగుజెంది, లండను చెంత మెర్టనులో 1881లో కార్ఖానా పెట్టి, చెక్కయచ్చులు, నీలిమందు, మంజిష్ఠవేరు మరల చేపట్టినాడు. మొదట నీలము, పిదప వేరుతో ఎఱుపు, నీలముపై పసుపు వేసి ఆకుపచ్చ. ఈ రంగుల కూర్పు మీరిప్పుడే వింటిరి. పిట్ట ఇంగ్లండుదే. రంగు నిలుచు త్రోవ మాత్రము మన తీరమునుండి పోయినదే. అంగడివాడు చెప్పని సగమిది.

మనవద్ద పని పూర్తిగా చావలేదు. పెడనలో నేటికిని టేకుచెక్క అచ్చులతో అద్దుచున్నారు. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుచున్నారు. వీరికిప్పుడు పోటీ సీమనుండి కాదు. కలంకారి యను పేరుపెట్టి మిల్లులలో అచ్చువేసిన బట్ట, అంగడిలో వీరి బట్ట ప్రక్కనే సగము ధరకు అమ్ముడుపోవుచున్నది.

కావున పెద్దలకొక విన్నపము. మీ యిండ్లలో పాత పెట్టెలున్నవి. వానిలో తాతలనాటి పూలదుప్పటియో, పల్లకిపై కప్పినబట్టయో, దేవుని వెనుక గట్టిన తెరయో దొరకవచ్చును. దానిని వెంటనే చాకలికి వేయకుడు. ముక్కలు కోసి పంచకుడు. వెలుతురున పఱచి వెనుకకు త్రిప్పి చూడుడు. ఉడికిన ఎఱుపు బట్టను దాటి రెండవవైపునకు గూడ దిగియుండును. మిల్లుపూవు తఱచుగా ఒకవైపుననే మెఱయును. ఒకే పూవు రెండుచోట్ల నున్నచో గీతలను పోల్చుడు. చేతితో వ్రాసినవైనచో ఒకదానివలె నొకటి యుండదు. ఆకులు నీలముగా నున్నవేమో చూడుడు. ఈ గుర్తులు గనబడినచో నీడపట్టున మెత్తని పాతగుడ్డలో చుట్టి, వేపాకు వేసి దాచి, తెలిసినవారికి చూపుడు.

మా మేనకోడలు తెర వెనుకవైపు త్రిప్పి చూపినది. తెల్లగా నున్నది. పడమటి యెండ తగిలిన అంచున పిట్టల ఎఱుపు అప్పుడే వెలిసినది.